జొన్న బీరు శెట్టి

కిందటి నెల ఒక మంగళవారం, భోజనాల వేళ, స్టాఫ్ రూములో కూర్చుని డబ్బా మూత తీస్తుంటే ఫోను మోగింది. కోయిలకుంట్ల నంబరు. ఆ ఊరి నంబరు కనిపిస్తే ఈ మూడేళ్ళుగా నేను చేసే పని ఒకటే. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆ రోజెందుకో ఎత్తాను.

"సారూ, నేను శెట్టెమ్మను. ఆయప్ప పోయినాడు. పొద్దన అంగట్లో మూటకు ఆనుకోని కూచున్నోడు కూచున్నట్లే ఒరిగిపాయ. మీకు చెప్పల్లనిపించింది."

ఆమె ఏడవడం లేదు. నేను అయ్యో అన్నానో లేదో గుర్తు లేదు. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. పక్కన కూర్చున్న లెక్కల సారుకు ఆ గొంతు వినపడుతుందేమోనని ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. ఎవరో పోయారన్న కబురు పక్కవాడికి వినపడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అయినా ఆయనకు సంబంధించిన మాట ఏదైనా సరే గోడ దాటకూడదన్న అలవాటు నాలో పాతుకుపోయింది. అది ఆయన దగ్గర నేర్చుకున్న అలవాటే.

ఆయనకు పేరు లేకపోలేదు. అంగడి బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండేది. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఊరందరికీ శెట్టి. నాకు శెట్టిగారు. జొన్నలు, కొర్రలు, శనగలు కొని అమ్మే వ్యాపారం. పొట్టి మనిషి. జేబున్న బనియను, మోకాళ్ళ కిందికి దిగిన పంచె, చెవుల వెనక దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. ఏ మూట ముందు నిలబడినా చెయ్యి లోపలికి పోనిచ్చి నాలుగు గింజలు తీసి, ఒక్కొక్కటే దవడ పళ్ళ కింద పెట్టి కొరికేవాడు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. "నల్లరేగడిది. ఇంగా వారం ఎండల్ల," అనేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పిన రైతును నేను చూడలేదు.

మహా పిరికి మనిషి. ఇంటి తలుపుకు గడియ వేసి, నాలుగడుగులు లోపలికి వచ్చి, మళ్ళీ వెనక్కు పోయి గడియ లాగి చూసేవాడు. గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా "ఎవురు?" అనేవాడు. తలుపు చప్పుడైతే చాలు, ఏమీ తాగకపోయినా తుండుతో మూతి తుడుచుకునేవాడు. గుట్టు మాట మాట్లాడాలంటే ముందు లేచి వెళ్ళి టీవీ శబ్దం పెంచేవాడు. ఆ గుట్టు మాటకు ఆయన పెట్టుకున్న పేరు కషాయం. బీరు అన్న మాటను ఆ ఇంట్లో ఎప్పుడూ పలకలేదు.

నేను ఆ ఇంటి మిద్దె మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాణ్ణి. పన్నెండేళ్ళు కాంట్రాక్టులో నలిగిన తరువాత పర్మనెంటు అయిన ఉద్యోగం. నా భార్య నంద్యాలలో నర్సు. ఆదివారాలు అక్కడికి పోయి, చర్చి చూసుకుని, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చేవాణ్ణి. మా నాయన మా పల్లెలో సంఘపెద్ద. మా ఇంట్లో ఎవరూ కల్లు, సారాయి ముట్టరని మా తాత సంఘం ముందు లేచి నిలబడి మాట ఇచ్చాడట. ఆ మాటను మా నాయన ప్రతి క్రిస్మసుకూ గుర్తు చేసేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పిరికితనంలో నేను శెట్టిగారికి ఏమాత్రం తీసిపోను.

నేను చేరిన కొత్తలో, అంగడి మూసి ఊరంతా పడుకునే మధ్యాహ్నాల్లో, కింద నుంచి ఒక వాసన వచ్చేది. మొదట సంగటి వాసనలా తియ్యగా, కమ్మగా. రెండు మూడు రోజులకు అదే వాసన కొంచెం పులిసి, బేకరీ ముందు నిలబడినట్లు ఉండేది. దోసెల పిండి అనుకున్నాను. ఇద్దరు మనుషులకు అంత పిండి ఎందుకని అనుకోలేదు.

ఒక శనివారం ఆయన మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి వెనక్కు రెండుసార్లు చూసుకుని, "సారూ, మీ కాలేజీలో సన్నవి పెద్దగా కనపడే అద్దం ఉంటాదే, అది ఒక దినం తెస్తారా?" అన్నాడు.

"మైక్రోస్కోపా? పురుగు పట్టిందా గింజలకు?"

"పురుగు కాదు. ఒక ప్రాణి ఉండాది. సూడల్ల."

రిజిస్టరులో రాయకుండా మైక్రోస్కోపు సంచిలో పెట్టుకుని తెచ్చాను. అది నా మొదటి తప్పు. ఆయన కింది నుంచి తెచ్చిన లోటాలోని పులిసిన నీళ్ళు ఒక చుక్క తీసి ఇచ్చాడు. గాజుపలక మీద వేసి, సరిచేసి, చూడమన్నాను. ఆయన వంగబోయి ఆగాడు. కాళ్ళకున్న చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టి వచ్చి, అప్పుడు కన్ను ఆనించాడు.

చేత్తో రెండో కన్ను మూసుకున్నాడు. "గుండ్రంగా ఉండాయి సారూ. ఒకదాని పక్కన ఇంగోటి మొటిక మాదిరి మొలుస్తాండాది. అది పిల్లా?"

"అవును. అది ఈస్టు. అట్లాగే పెరుగుతుంది."

"నలభై ఏండ్లు గింజలు అమ్మినా సారూ," అన్నాడు కన్ను తియ్యకుండానే. "గింజలో ఏముండాదో దీనికి తెల్సినంత నాకు తెలీదు."

అప్పుడు లేచి వెళ్ళి కింద టీవీ పెంచి వచ్చి, నా మంచం అంచు మీద కూర్చుని చెప్పాడు. సరుకు పని మీద బెంగళూరు పోయినప్పుడు ఒక హోటల్లో పక్క బల్ల దగ్గర ఒకాయన గ్లాసులో ఏదో పోసుకున్నాడట. ఆ వాసన ఈయనకు తెలిసిన వాసన. వానకు తడిసి మొలకలొచ్చిన జొన్న మూట విప్పితే వచ్చే వాసన. "అది చెడిపోయిందని మేము గొడ్లకు పోస్తాము. వాళ్ళు దాన్ని గాజు గ్లాసులో పోసి, ముందర పెట్టుకోని, సంబరంగా తాగుతాండారు. నాకు ఆ దినమంతా అన్నం సగించల్యా." తిరిగొచ్చాక ఫోనులో వీడియోలు చూశాడు. ఏవో భాషల్లో ఉన్నవి, సగం అర్థమై సగం కాక, ఎట్లాగో పట్టుకున్నాడు.

"శెట్టిగారూ, ఇంట్లో చేయడం నేరం. పట్టుకుంటే కేసు. తెలుసా?"

"తెల్సు సారూ. అందుకే శానా భయమైతాండాది."

"మరి ఎందుకు చేస్తున్నారు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "భయమైతాండాది గానీ, నిలపల్లంటే చేతనైతాల్యా," అన్నాడు.

ఆ రోజే నేను గది ఖాళీ చేసి ఉండాల్సింది. చెయ్యలేదు. చుట్టూ ఉన్న మనుషుల్లో అంత భయపడుతూ కూడా ఒక పనిని వదలనివాణ్ణి నేను ఆయన్ను తప్ప చూడలేదు. నాకు చేతకానిదేదో ఆయనకు చేతనవుతోందని లోపల అనిపించి ఉంటుంది.

పని అంతా పట్టపగలే సాగేది. రాత్రయితే చిన్న చప్పుడు కూడా నాలుగిళ్ళకు వినపడుతుందని ఆయన లెక్క. జొన్నలు, కొన్నిసార్లు కొర్రలు, ఒక దినం నానబెట్టి, తడి గోనె మీద పరిచి మొలకెత్తించేవాడు. మిద్దె మీద ఎండలో ఆరబెట్టేవాడు. ఎవరైనా అడిగితే మనవడికి మాల్టు పిండి అని చెప్పేవాడు. పిండి మిషనులో రవ్వగా పట్టించి, ఇత్తడి గుండిగలో నీళ్ళు కాగబెట్టి అందులో కలిపేవాడు. వేలు పెట్టి మూడు లెక్కపెట్టేలోపు చురుక్కుమనాలి, బొబ్బ రాకూడదు. అదే ఆయన థర్మామీటరు. తరువాత పాత పంచెలో వడగట్టి, వేపపువ్వు వేసి మరగబెట్టేవాడు. అందరూ వాడే చేదు పువ్వు వేరే ఉందనీ, అది మన ఎండలకు పెరగదనీ తెలుసు. "మనకు వేపచెట్లకు కరువా?" అనేవాడు.

చిక్కంతా చల్లార్చిన తరువాతే. మా ఎండలకు బయట పెడితే రెండు రోజుల్లో పులిసి వెనిగరు అయిపోయేది. ఫ్రిజ్జు కొంటే అందులో ఏముందని నలుగురూ తెరిచి చూస్తారని భయం. అందుకని పాతర తెరిచాడు. పాతకాలపు ఇల్లు కదా, హాలు నడుమ, నాపరాళ్ళ కింద, గింజలు దాచే గొయ్యి ఉంది. నిలువున్నర లోతు. పైన మనిషి పట్టేంత మూతి. దాని మీద బండ, బండ మీద చాప, చాప మీద కుర్చీ. నిచ్చెన వేసుకుని దిగితే లోపల చల్లగా ఉండేది. మూతలు పెట్టిన క్యాన్లు, ఆపైన సీసాలు, అన్నీ అందులోనే.

ఆయన భార్య శెట్టెమ్మకు అంతా తెలుసు. వాళ్ళ కులంవాళ్ళ గుడి అయిన అమ్మవారిశాలలో ఆడవాళ్ళ పూజలకు ఆమె ముందుండేది. ఉల్లిపాయ కూడా వారంలో నాలుగు రోజులు మానేసే ఇల్లు అది. ఆమె ఆయన్ను తిట్టేది కాదు. గుండిగ పొయ్యి మీద ఉన్నంతసేపూ వీధి వాకిట్లో చాట పట్టుకుని కూర్చుని, బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ ఉండేది. కాపలా అని మేమెవ్వరం అనలేదు.

ఆయన తాగేవాడు కాదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. సీసా తెరిచి ఒక చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, గింజ కొరికినప్పటి ముఖమే పెట్టేవాడు. తరువాత రెండు లవంగాలు నమిలి, గంటసేపు గుమ్మం దాటేవాడు కాదు. మిగిలింది పెరట్లో పారబోసేవాడు. వడగట్టిన పిప్పి ఎనుములకు పెట్టేవాడు.

ఒకసారి నాకు సగం గ్లాసు పోసి తెచ్చాడు. "నాకు ఇది ఎట్లుండల్లనో తెలీదు సారూ. మీరు చదువుకున్నోళ్ళు. చెప్పండి."

నేను కూడా బీరు తాగి ఎరగనని చెప్పడానికి సిగ్గేసింది. తలుపు వేసి, కిటికీ వేసి, ఉక్కలో చెమటలు కారుతుండగా రెండు గుక్కలు మింగాను.

"చేదుగా ఉంది."

"చేదు ఉండల్ల."

"కొంచెం పులుపు."

ఆయన ముఖం వాడిపోయింది. "పులుపు ఉండకూడదు సారూ. రంగు కూడా తేట పడల్ల. ఇది చింతపండు నీళ్ళ మాదిరి ఉండాది." బీరు రుచి తెలియని ఇద్దరం అట్లా కూర్చుని బీరును పరీక్ష చేశాం. ఆయన పోయాక జామాకు నమిలాను, ఉల్లిగడ్డ కొరికాను. ఆ ఆదివారం చర్చిలో మా ఆవిడ పక్కన కూర్చుని పాట పాడకుండా పెదవులు మాత్రం కదిలించాను.

తరువాత మంచి ఈస్టు కావాలని నా పేరు మీద కాలేజీకి పార్సిల్ తెప్పించాడు. నాతో చెప్పకుండానే. పోస్టుమ్యాన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తూ, "ఏంది సార్, ఏదో పొడి ఉన్నట్లుండాది," అన్నాడు ప్రిన్సిపాల్ ఎదురుగా. ప్రాక్టికల్స్ కోసమని చెప్పాను. ఆ సాయంత్రం శెట్టిగారి మీద అరిచాను. ఆయన తల వంచుకుని విని, "తప్పైపాయ సారూ," అని, ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఇక చెప్పవలసింది ఆ ఏప్రిల్ మధ్యాహ్నం సంగతి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇన్విజిలేషను ఒక్క పూటే కావడంతో ఇంటికొచ్చి పడుకున్నాను. వీధిలో కుక్క కూడా లేదు. ఉన్నట్టుండి కింద ఢాం అని పేలింది. మంచం మీద లేచి కూర్చునేలోపు మరొకటి. వెంటనే రెండు మూడు కలిసి. మా వైపు పేలుడు చప్పుడు వినపడితే జనం ముందు ఇంట్లోకి పోతారు, బాంబు ఎవరి మీద పడిందో తెలిశాక బయటికొస్తారు. నాకు మాత్రం అవి పాతరలో సీసాలని తెలుసు. వారం కిందట సీసాలు నింపేటప్పుడు ఆయన బెల్లం పాకం చెయ్యి జారి ఎక్కువ పోశాడు. "ఏమీ కాదులే," అన్నాడు.

నేను కిందికి దిగేసరికి బండ తీసి ఉంది. నిచ్చెన లోపలికి వేసి ఉంది. ఆయన మిగతా సీసాలను కాపాడుకోవడానికి అప్పటికే దిగాడు. పాతర మూతి దగ్గర ఆ వాసన ముక్కులో సూదిలా గుచ్చింది. లోపల అప్పుడే కొత్తగా పులుస్తున్న క్యాన్లు నాలుగున్నాయి. బోటనీ లెక్చరర్ని. పులిసేటప్పుడు ఏ వాయువు వస్తుందో, అది గాలి కంటే బరువో తేలికో, గోతిలో ఎక్కడ నిలుస్తుందో ఏడాదికి నాలుగు సెక్షన్లకు చెప్పేవాణ్ణి. ఆయన పాతర వాడిన అన్నాళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు.

"సారూ," అని లోపలినుంచి పిలుపు. "సారూ, ఒక చెయ్యి ఇయ్యండి. కండ్లు తిరుగుతాండాయి."

అదే సమయంలో వీధి తలుపు దడదడలాడింది. "శెట్టీ! ఏమి పేలిందప్పా? తలుపు తియ్!" పక్కింటి హుసేనప్ప గొంతు. వెనక ఇంకా గొంతులు.

నేను నిలబడిపోయాను. తలుపు తీస్తే వీధంతా లోపలికొస్తుంది. వాసన, సీసాలు, క్యాన్లు, అన్నీ కనపడతాయి. పేపర్లో వచ్చే ఫోటో నా కళ్ళ ముందు నిలిచింది. పట్టుబడ్డ సామాను ముందు పేర్చి, వెనక తల దించుకుని నిలబడ్డ మనుషులు, వాళ్ళలో నేను. అది మా నాయన చేతిలో. సస్పెన్షను కాగితం. పన్నెండేళ్ళు. కేక వేస్తే ఇదంతా నిజమవుతుంది. కేక వేయకపోతే, ఆయనే నిచ్చెన ఎక్కి పైకి వస్తాడేమో. ఇంకొక్క క్షణంలో వస్తాడేమో.

"సారూ..."

ఈసారి గొంతు సన్నగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్లు ఉంది. తరువాత ఏదో మెత్తగా పడిన చప్పుడు.

ఆ హాల్లో గోడగడియారం ఉంది. నేను దాన్ని చూడలేదు. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. తెలిసిందల్లా, నా వెనకనుంచి శెట్టెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, నన్ను భుజంతో తోసుకుని పోయి, వీధి తలుపు రెండు గడియలూ లాగేసింది.

"రాండప్పా! ఆయప్ప పాతరలో పడినాడు! రాండి!"

పదిమంది లోపలికొచ్చారు. ఒక పిల్లగాడు నిచ్చెన మీద కాలు పెట్టబోతే హుసేనప్ప వాడి చొక్కా పట్టి వెనక్కు లాగాడు. "దిగొద్దురా! పాతర ఆవిరి. దిగినోడు దిగినట్లే పోతాడు." ఆయన ఇప్పుడు పంక్చర్లు వేస్తాడు గానీ పడుచుతనంలో పాతరలు తీసే పని చేసినవాడు. పూజగదిలోని దీపం తెమ్మని, తాడు కట్టి దించాడు. నడుం లోతుకు పోకముందే ఎవరో ఊదినట్లు ఆరిపోయింది. 

"కంబళి తాండి!"

ఇద్దరు కంబళి చెరో కొసా పట్టుకుని పాతర మూతిలోకి ఎత్తి దించి, ఎత్తి దించి, గాలిని తోడినట్లు తోడారు. ఆ పులిసిన వాసన హాలంతా కమ్ముకుంది. హుసేనప్ప నడుముకు తాడు కట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, బుగ్గలు బిగించి దిగాడు. నేను ఆ తాడు పట్టుకున్నవాళ్ళలో ఆఖరివాణ్ణి. నా చేతులు తాడును పట్టుకున్నాయో, తాడే నన్ను పట్టుకుందో చెప్పలేను. శెట్టిగారి చంకల కింద ఇంకో తాడు వేసి ముడివేసి హుసేనప్ప పైకొచ్చాక, అందరం కలిసి లాగాం. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. కళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతున్నాయి.

వాకిట్లో పడుకోబెట్టి రొమ్ము మీద నొక్కారు, నీళ్ళు చల్లారు. శెట్టెమ్మ ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. ఎంతకూ కదలడు. నేను లోపల ప్రార్థన చేస్తున్నాను. ఆయన బతకాలనా, నా సంగతి బయటపడకూడదనా? రెండూ ఒకే ప్రార్థనలో కలిసిపోయాయి. 

ఆయన ఒక్కసారి ఎగశ్వాస తీసి దగ్గాడు. మళ్ళీ దగ్గి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న కాళ్ళను చూసి, నన్ను వెతికి పట్టుకుని, గొంతు లేని గొంతుతో అడిగిన మొదటి మాట ఇది: "సారూ, వాసన రాల్యా కదా?"

వాసన ఊరి చివరి దాకా పోయి ఉంటుంది. ఎవరూ నవ్వలేదు. హుసేనప్ప తడిసిన చొక్కా పిండుకుంటూ గట్టిగా అన్నాడు. "మూటలు తడిసి కుళ్ళినాయి. పాతర ఆవిరి కొట్టింది. అంతే. ఇంగ పోండప్పా, ఆయప్పకు గాలి రానీండి." ఆ మాట అంటూ ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఒక్కొక్కరే తల ఊపి కదిలారు. గంట తరువాత, పేలుళ్ళని ఎవరో ఫోను చేస్తే, ఒక కానిస్టేబులు వచ్చాడు. తన అంగట్లో టైరు పేలిందని చెప్పాడు హుసేనప్ప. కానిస్టేబులు ముక్కు ఒకసారి ఎగబీల్చి నా వైపు తిరిగాడు.

"మీరెవరు?"

"లెక్చరర్ని సార్. పైన అద్దెకుంటా."

"ఏం పేలింది?"

"టైరు సార్," అన్నాను. అంతకుముందు కేక వేయడానికి రాని గొంతు, ఆ అబద్ధానికి ఎంత చక్కగా పలికిందో.

మూడో రోజుకు శెట్టిగారు తల పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు.

"భయపడినారా సారూ?"

"భయపడ్డాను."

"నేనూ భయపడితి," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నేను ఎక్కడ నిలబడి ఉన్నానని అడగలేదు. తన పిలుపు వినపడిందా అని అడగలేదు. అడుగుతాడేమోనని ఆ తరువాత రెండు నెలలూ ఆయన అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడుతూ బతికాను. బదిలీలు రాగానే పెట్టుకున్నాను. ఒంటిమిట్ట దగ్గర ఖాళీ ఉంటే అడిగి మరీ వచ్చేశాను.

బయల్దేరే రోజు ఆయన బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలాక చూసుకుంటే నా సంచిలో బట్టల నడుమ పేపరు చుట్టిన సీసా. పాతర లేకుండా, వెనక గదిలో కిటికీలు తెరిచి పెట్టి, తడి గోనెలు కప్పి, మళ్ళీ చేశాడన్నమాట. జమ్మలమడుగు దాకా ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గుంతకూ అది పేలుతుందేమోనని ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాను. ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, అవి కండక్టరువే అయినా, సంచిని చేతులతో కప్పేవాణ్ణి. ప్రొద్దుటూరులో దిగి బస్టాండు వెనక్కు పోయి, గోడ పక్కన రాళ్ళ మీద వంపేశాను. తెల్లగా నురుగు లేచింది. కింద ఉన్నది తేటగా, కొత్త తేనె రంగులో ఉంది. చింతపండు నీళ్ళ రంగు పోయింది. ఆయన అన్నాళ్ళుగా కోరుకున్న రంగు. అప్పటికి సగం పైగా రాళ్ళలోకి ఇంకిపోయింది. మిగతాది కూడా వంపేసి, సీసా ముళ్ళకంపలోకి విసిరేశాను.

మరునాడు ఫోను చేశాడు. వెనక టీవీ మోగుతోంది.

"తాగినారా సారూ? ఎట్లుండాది?"

"బాగుంది శెట్టిగారూ."

"పులుపు?"

"లేదు."

 "అంతే సాలు సారూ," అన్నాడు. తొంభై మార్కులు వచ్చిన పిల్లవాడి గొంతు అది. ఆ తరువాత ఆయన ఎప్పుడు చేసినా నేను ఎత్తలేదు.

కర్మ రోజుకు పోయాను. వాకిట్లో షామియానా. బంధువులు, ఊరివాళ్ళు. హుసేనప్ప కుర్చీలు సర్దుతూ నన్ను చూసి తల ఊపాడు. శెట్టెమ్మ నన్ను లోపలికి పిలిచి హాల్లో కూర్చోమంది. పాతర మూతిని సిమెంటుతో పూడ్చేశారు. దాని పక్కనే గోడకు ఆనుకుని ఆమె కూర్చుంది. ఆయన చివరి రోజుల గురించి ఆమె ఏదో చెబుతోంది. నా చెవిలోకి ఏమీ పోవడం లేదు. చెప్పకుండా ఈ ఇంట్లో అన్నం తినలేననిపించింది.

"అమ్మా, ఆ దినం ఆయన నన్ను పిలిచాడు. రెండుసార్లు. నాకు వినపడింది. నేను కదల్లేదు."

ఆమె నా ముఖం చూడలేదు. పూడ్చిన చోట సిమెంటు మీద చేత్తో రాస్తూ ఉండిపోయింది.

"నాకు తెల్సు సారూ," అంది. "నేను వంటింటి గడప మీద నిలబడి ఉంటి. మిమ్మల్నే సూస్తాంటి."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఆయప్ప పిల్సేది నాకూ ఇనపడింది. తలుపు తీస్తే అందరూ వస్తారు. మావాళ్ళకు తెలుస్తాది. రేపటినుంచి అమ్మవారిశాలలో నా పక్కన ఎవురు కూచుంటారు? ఇదే, సారూ, నా తలకాయలో ఇదే. మీరు అరుస్తారేమో అని నేను సూస్తాంటి. మీరు అరిస్తే, నేను తీసినట్ల కాదు కదా."

బయట ఎవరో పిల్లలు కుర్చీల నడుమ పరుగులు పెడుతున్నారు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీకు రెండు ఇనపడినాయంటిరి."

"రెండే."

"మూడు, సారూ. శానా సన్నగా. మూడోది నన్ను పిల్సినాడు." ఆమె చెయ్యి సిమెంటు మీద ఆగింది. "అది ఇనపడకపోయుంటే నేను కదిలి ఉందునో లేదో, నాకు ఇప్పటికీ తెలీదు."

  వాకిట్లోంచి హుసేనప్ప, "రాండప్పా, ఆకులు ఏసినారు," అని ఒక్కసారి కేకేశాడు. ఆ పిలుపుకే ఇద్దరం లేచాం.